రావులందరూ ఒక్కరు కారు

జంషెడ్‌పూర్ మీద తెలుగువాళ్లకు ఫిర్యాదేమీ లేదు. 1907లో ఇక్కడి ఉక్కు కంపెనీ పుట్టి, 1912లో తొలి ఉక్కు దిగినప్పటి నుంచి ఇది అన్ని భాషలవాళ్లనూ చేర్చుకున్న ఊరు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉన్నాయి, బిస్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నాయి. నా ఫిర్యాదంతా ఉద్యోగుల లాగిన్ కోడ్ రాసేవాళ్ల మీద. మనకు ఇంటిపేరు ముందుంటుంది. వాళ్లేమో పేరులో చివరి ముక్కనే ఇంటిపేరుగా తీర్మానిస్తారు. దాంతో గొర్లె వారి అప్పారావు, బగాది వారి అప్పారావు, పొట్నూరు వారి అప్పారావు ముగ్గురూ, పేరు 'అప్పా రావు' అని విడగొట్టి రాసినప్పుడు, 'రావు' కుటుంబీకులై కూర్చుంటారు.

ఇందులో ఉద్యోగుల పేర్లు, ఖాతాలు దాచే డైరెక్టరీ సర్వర్ తప్పేమీ లేదు. 1993లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఎల్‌డాప్, అంటే ఆ సర్వర్‌తో మాట్లాడే పద్ధతి, మెచ్చుకోదగ్గ పని. వ్యక్తి నమోదుకు పేరు, ఇంటిపేరు అనే రెండు గళ్లు తప్పనిసరి అంటుందే గానీ, ఇంటిపేరు చివరే ఉండాలని ఎక్కడా అనదు. తెరమీద చూపించే పేరుకు వేరే గడి కూడా ఉంది. తేడా వచ్చేది సెషన్ మొదలుపెట్టే దగ్గర. ఎల్‌డాప్ ఇనిషియలైజ్ అనే ఫంక్షన్‌ను పిలిస్తే వచ్చేది ఒక హ్యాండిల్ మాత్రమే, సర్వర్‌తో కనెక్షన్ అప్పటికింకా మొదలుకాదు. వెర్షన్ 3 అని చెప్పాలి, స్టార్ట్ టీఎల్‌ఎస్‌తో దారికి భద్రత కల్పించాలి, ఆ తర్వాతే బైండ్, అంటే ఎవరమో సర్వర్‌కు రుజువు చూపడం. బైండ్‌కు మనిషి పేరు చాలదు, డీఎన్ అనే పూర్తి చిరునామా కావాలి. అది తెలియనప్పుడు ముందు వెతకాలి. పేరుతో వెతికితే ముగ్గురు అప్పారావులు దొరుకుతారు. కోడ్ మొదటివాణ్ణి పట్టుకుని ముందుకు వెళ్లిపోతుంది.

'పాస్‌వర్డ్ ఉందిగా, అదే ఆపుతుంది' అంటారు. ఆపుతుంది, కానీ ఎవరిని? బగాది అప్పారావు తన పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా, అది గొర్లె అప్పారావు ఖాతాకు తప్పవుతుంది. నాలుగుసార్లు ప్రయత్నిస్తే ఏ పాపం ఎరగని గొర్లె అప్పారావు ఖాతాకు తాళం పడవచ్చు. పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే ఇంకా ప్రమాదం. పేరు ఉండి పాస్‌వర్డ్ లేని బైండ్‌ను అనామక ప్రవేశంగా తీసుకుని 'విజయం' అని జవాబిచ్చే సర్వర్లు ఉన్నాయి. ఆ జవాబు చూసి కోడ్ ఎవరి పేరుకైనా తలుపు తీసేస్తుంది. అందుకే సర్వర్లు మామూలుగా ఇలాంటి బైండ్‌ను తిరస్కరించాలనీ, క్లయింట్లు ఖాళీ పాస్‌వర్డ్ తీసుకోకూడదనీ 2006 నాటి ఎల్‌డాప్ ప్రమాణపత్రమే చెబుతుంది.

'ఉద్యోగి నంబరుతో వెతికితే సరిపోతుందిగా, పేరు గొడవ ఎందుకు' అనేవారూ ఉన్నారు. వెతకడానికి నంబరే సరైనది, అందులో నాకు రెండో మాట లేదు. కానీ నంబరు లాగిన్‌నే కాపాడుతుంది, జీతం చీటీ మీదా ఆసుపత్రి కార్డు మీదా అచ్చయ్యే పేరును కాపాడదు. గొర్లె వారి అబ్బాయికి 'రావు' అని రాస్తే అతని తాతతండ్రుల ఇంటిపేరే రికార్డులోంచి పోతుంది. ఇంటిపేరు అడిగి రాయించుకోవడం, ఒకటికి మించి ఫలితాలొస్తే బైండ్ చేయకుండా ఆగడం, ఖాళీ పాస్‌వర్డ్‌ను సర్వర్ దాకా పోనివ్వకపోవడం కోడ్ రాసేవాడికి కొన్ని పంక్తుల పని. పరాయి గడ్డ మీద నాలుగు తరాలు పనిచేసిన కుటుంబాలు ఆ పాటి శ్రద్ధను హక్కుగా అడగవచ్చు.