నీళ్లు తాగని ఓడ

మా ప్రాంతంలో ఓడను చూసినవాళ్లు తక్కువ, ఓడ మాట ఎత్తనివాళ్లు అసలు లేరు. నేను బాగేపల్లిలో పనిచేసిన రోజుల్లో, వేరుశనగ పోయి అప్పు తిరగరాయించుకోవడానికి వచ్చిన రైతు నా బల్ల ముందు నిలబడి "ఓడలు బండ్లయిపాయ సార్" అనేవాడు. ఇంటి యజమాని పోతే చుక్కాని లేని నావ అంటాం. నిజంగా చుక్కాని ఎట్లా ఉంటుందని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. సముద్ర మట్టానికి ఇంచుమించు 900 మీటర్ల ఎత్తున, ఏ తీరానికి పోవాలన్నా రెండు వందల కిలోమీటర్లు దాటాల్సిన చోట, చెరువులో నీళ్లుంటేనే గొప్ప అనుకునే చోట ఇంతకన్నా ఏం తెలుస్తుంది?

అయినా మాటలు మాత్రం వచ్చి చేరాయి. చుక్కాని అనే మాటకు మూలం అరబ్బీలోని సుక్కాన్. లంగరు పారసీకం. రెండూ మన పక్కింటి కన్నడంలోనూ ఉన్నాయి. రేవుల్లో దిగిన మాటలు ఎద్దుబండ్లెక్కి కొండలెక్కి మా దాకా వచ్చాయన్నమాట. వాటి వెనకనున్న వస్తువు మాత్రం రాలేదు. ఆ వస్తువును ఒక్కసారి చేత్తో తాకి చూడాలన్న కోరిక నాకెందుకు కలిగిందో చెప్పలేను. లెక్కల పుస్తకాలు తప్ప వేరే చదువు లేనివాణ్ణి. ఇంట్లో మాత్రం "పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి" అన్నారు.

చేయదలచుకున్నది శాతవాహనుల ఓడ. క్రీస్తుశకం రెండో శతాబ్దపు సీసపు నాణెం బొమ్మను చరిత్ర పుస్తకంలో చాలామంది చూసే ఉంటారు. ఒకవైపు ఉజ్జయిని గుర్తు, ఇంకోవైపు రెండు కంబాల ఓడ. ఆ నాణేలు యజ్ఞశ్రీ శాతకర్ణివనీ, వాసిష్ఠీపుత్ర పులుమావివనీ పండితులు రెండు పేర్లూ చెబుతారు. నాకు రాజుతో పని లేదు, ఓడతోనే పని. పైకి లేచిన రెండు కొనలు, కంబాలను పట్టి ఉంచే తాళ్లు, వెనక తెడ్డులాంటి చుక్కాని. అంతే. లోపల దూలాలున్నాయా, పలకలను మేకులతో బిగించారా, తాళ్లతో కుట్టారా అన్నది రూపాయంత నాణెం ఎట్లా చెబుతుంది? అందుకని కుట్టు పద్ధతినే ఎంచుకున్నాను. మద్రాసు తీరంలో అలల మీద మనుషులనూ సరుకులనూ దింపిన మాసులా పడవలు అట్లా కుట్టినవే. మేకు పడవ నేలకు కొట్టుకుంటే పగులుతుంది. కుట్టు పడవ కొంచెం వంగి ఊరుకుంటుంది.

2016లో బాగేపల్లిలో మొదలుపెట్టాను. పొడవు రెండు అడుగులు. అడుగు దూలానికి సా మిల్లులో మిగిలిన టేకు ముక్క. చిన్న చిన్న సామాన్లకు చెన్నపట్నం బొమ్మల కర్ర తెప్పించాను. కన్నడంలో దాన్ని ఆలె మర అంటారు. విశాఖ వైపు ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రా అదే చెట్టుదని తర్వాత తెలిసింది. ఒకే చెట్టు, రెండు రాష్ట్రాలు, రెండు పేర్లు, రెండుచోట్లా లక్కరంగే. ఇట్లాంటివి తెలిసినప్పుడు సరిహద్దున ఉండేవాళ్లకు కలిగే సంతోషం లోపలివాళ్లకు కలగదేమో.

పలకలు వంగాలంటే వేడినీళ్లలో నానబెట్టాలి. ఆచారి ఒకాయన సన్నటి పలకలు చిత్రిక పట్టి ఇచ్చాడు. నవంబరు 8న, మంగళవారం, వాటిని తొట్టిలో వేసి తెల్లవారి తీద్దామనుకున్నాను. ఆ రాత్రి ఐదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవన్న ప్రకటన వచ్చింది. తర్వాత ఎన్ని వారాలు ఎన్ని గంటలకు ఇల్లు చేరామో బ్యాంకువాళ్లను అడగండి. నేను మళ్లీ తొట్టి వైపు చూసేసరికి పలకలు నల్లబడి, వేలితో నొక్కితే దిగిపోయేట్టున్నాయి. ఆచారి వాటిని చూసి నవ్వలేదు. "నోట్లే చెల్లని కాలం సామీ, కొయ్య చెల్లకపోవడంలో వింతేముంది" అన్నాడు.

రెండోసారి చెక్కించి, అంచుల వెంట సన్నటి రంధ్రాలు వేసి, మైనం పట్టించిన నూలుతో కుట్టాను. నాలుగో పలక దాకా వచ్చేసరికి చింతామణికి బదిలీ. సామాన్లతోపాటు లారీలో వచ్చిన ఓడ బీరువా కింద పడి, ముందు కొన విరిగి చేరింది. కొన అతికించి మిగతా పలకలు కుట్టాను. గుగ్గిలం పొడి, అవిసె నూనె కలిపి కాచి సందులకు పూశాను. చింతామణి అంగడివీధిలో గుగ్గిలం అడిగితే దేవుడికా, పడవకా అని ఎవరూ అడగలేదు. దేవుడికే అనుకుని పొట్లం కట్టి ఇచ్చారు.

ఎండాకాలం రాగానే అసలు కష్టం మొదలయింది. మార్చి నుంచి మా వైపు గాలిలో తడి ఉండదు. పెదవులు పగిలినట్టు పలకల మధ్య సందులు విచ్చుకున్నాయి. మళ్లీ పూశాను. వానలు పడితే పలకలు ఉబ్బి ఆ పూత బయటికి నెట్టేసింది. మరుసటి ఎండకు మళ్లీ చీలిక. ఈలోగా మల్లుగుడ్డకు గంజి పెట్టి చేసిన తెరచాపను ఎలుక తిన్నది. గంజి పెట్టిన మేరకే తిని మిగతాది వదిలిపెట్టింది, వడ్డీ మాత్రం వసూలు చేసుకున్నట్టు.

2020లో ఇంట్లో కూర్చుని రకరకాల విద్యలు నేర్చుకున్నామని అందరూ చెబుతుంటే నాకు నవ్వు వస్తుంది. బ్యాంకులు మూయలేదు. ఏప్రిల్ నుంచి మూడు నెలలు జనధన్ ఖాతాలున్న ఆడవాళ్లకు నెలకు ఐదు వందలు పడ్డాయి. వాటికోసం పల్లెల నుంచి నడిచి వచ్చి, సున్నంతో గీసిన గుండ్రాల్లో ఎండలో నిలబడ్డారు. ఆ నెలల్లో నేను ఓడను ముట్టలేదు. ముట్టాలనిపించలేదు. అటక మీద అది చీలుతూనే ఉంది.

2021లో చిక్కబళ్లాపురానికి మారేటప్పుడు మా ఆవిడ "దీన్ని ఇక్కడే వదిలేద్దాం" అంది. అప్పటికి అది ఓడ కాదు, విచ్చుకున్న కట్టెల బుట్ట. న్యాయంగా చూస్తే ఆమె చెప్పిందే సబబు. కానీ ఆ రోజుల్లోనే నేను మోటుపల్లి శాసనం గురించి చదివాను. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న ఆ రేవులో కాకతి గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం అది. గాలివానకు ఓడ చెడి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకంతా రాజులు లాక్కునేవారట అంతకుముందు. ఈయన అట్లా లాక్కోనన్నాడు. సుంకం మాత్రం తీసుకుని, మిగతాది సముద్రానికి తెగించి వచ్చినవాడికే వదిలేస్తానన్నాడు. ఆ సుంకం ముప్ఫైకి ఒక వంతు.

నేను కామర్స్ చదివినవాణ్ణి. సముద్ర బీమా అంటే లండన్‌లో లాయిడ్ కాఫీ హోటల్లో పుట్టిందని కాలేజీలో చదివాం. పాఠంలో మోటుపల్లి లేదు. ఉండాలని నేననను, ఇది బీమా కాదు. కానీ మునిగినవాడి దగ్గర ఏం తీసుకోవాలి, ఏం వదలాలి అన్న ప్రశ్న నా ఉద్యోగమంతా నా బల్ల మీదే ఉంది. జప్తు నోటీసుల మీద సంతకాలు పెట్టిన చేయి ఇది. ముప్ఫైలో ఒక వంతు తీసుకుని ఇరవైతొమ్మిది వంతులు వదిలే అధికారం మా స్థాయి ఆఫీసర్‌కు ఏ సర్క్యులరూ ఇవ్వలేదు. ఆ కట్టెల బుట్టను గోనెసంచిలో కట్టి వెంట తెచ్చుకున్నాను.

2022లో ఒక పెళ్లికి కాకినాడ వెళ్లాం. దగ్గరే కోరింగ, తాళ్లరేవు. ఒకప్పుడు పెద్ద ఓడల పని జరిగిన చోటు. 1789లో, మళ్లీ 1839లో తుపాను ఉప్పెనలు కోరింగను ముంచాయి. మొదటిదాని కథ చదివే హెన్రీ పిడింగ్టన్ అనే కలకత్తా పండితుడు సుడిగాలివానకు సైక్లోన్ అనే పేరు తయారుచేశాడు. అక్కడ పడవల పనిచేసే ముసలాయనకు సెల్‌ఫోన్‌లో నా ఓడ ఫొటో చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "ఏవూరండీ మీది?" అన్నాడు. చెప్పాను. "అక్కడ దీనికి నీళ్లు తాగించేరా బాబూ?" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే విప్పి చెప్పాడు. కొయ్య పడవ ఒడ్డు మీద ఎండితే ఎవరిదైనా సందు విడుస్తుంది. దించేముందు దాంట్లో నీళ్లు నింపి, నాలుగు రోజులు నానబెడతారు. కొయ్య ఉబ్బి తన సందులు తనే మూసుకుంటుంది. ఎండ పగుళ్లకు పూత మీద పూత పూయడం కాదు, నీళ్లు తాగించడమే దానికి మందు. ఆరేళ్లుగా అద్దాల బీరువాలో పెట్టడానికి నేను తయారు చేస్తున్నది నీళ్లలో తప్ప నిలవని వస్తువు!

తిరిగొచ్చి పాత పూత గీకేశాను. తెగిన చోట్ల కొత్త నూలుతో కుట్టాను. పేరు రాయడం మా చిన్నమ్మాయి వంతు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది, బడిలో చదివింది కన్నడం. మా బాగేపల్లి పక్కన పారే ఏరే కదా, పెన్నలో కలిసి నెల్లూరు దగ్గర సముద్రం చేరేది, అందుకని చిత్రావతి అని రాయమన్నాను. కన్నడంలో రాసింది. బ్రష్ అడిగి తీసుకుని 'వ' మీద గీతను తలకట్టుగా మార్చాను. "ఇంతేనా నాన్నా తెలుగు?" అంది. ఇంకా కొంచెం ఉందన్నాను. ఆ సాయంత్రం తక్కిన అక్షరాలకు పలక అడిగింది. పలక ఎక్కడుంది, ఓడకు మిగిలిన అంకుడు ముక్క ఇచ్చాను.

ఇత్తడి గంగాళంలో నీళ్లు పోసి ఓడను దించాం. మొదటిరోజు అన్ని కుట్ల నుంచీ నీళ్లు వచ్చి కూర్చుంది. రెండోరోజూ అంతే. నాలుగోరోజు పొద్దున చూస్తే, లోపల ఒక్క చెంచాడు నీళ్లు తప్ప, తేలుతోంది. కానీ ఎడమకు ఒరిగి ఉంది. అడుగున బరువు పెట్టాలి. ఇసుక పోద్దామంటే మా అమ్మాయి వినలేదు, డబ్బాలోని రూపాయి బిళ్లలు తెచ్చింది. ఒక్కొక్కటే కుడివైపు పేర్చుతూ లెక్కపెట్టాం. ముప్ఫయ్యో బిళ్లకు కంబాలు నిటారుగా నిలిచాయి. గంగాళం మాత్రం ఇప్పటికీ ఖాళీ కాలేదు. సంక్రాంతికి ఎట్లాగని మా ఆవిడ అడుగుతోంది.