తీసేస్తేనే తెలిసింది

మా ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే మందుబిళ్ళ, మిరియాల కషాయం, దిష్టి తీయడం.. మూడూ ఒకే రోజు జరిగిపోతాయి. తగ్గాక, ఏది పనిచేసిందంటే నేను మందుబిళ్ళ అంటాను, అత్తయ్య దిష్టి అంటారు.

మా చిన్నోడి విషయంలోనూ ఇదే అయ్యింది. వాడికి ఏడేళ్లు, ఆటిజం ఉంది. పొద్దున్నే స్కూలుకి తయారవడమంటే యుద్ధమే. పళ్లు తోముకోవడం నుంచి బూట్లు వేసుకోవడం దాకా 7 పనులుంటే, ఏడవకుండా చేసేవి రెండే. థెరపిస్ట్ అమ్మాయి మూడు ఉపాయాలు కలిపి చెప్పింది: పనుల బొమ్మల చార్టు, చేసిన పనికో స్టారు, ప్రతి పనికీ కాస్త ముందుగా "ఇంకాసేపట్లో ఇది" అని చెప్పడం. రోజూ లెక్క రాసేదాన్ని. రెండు నెలల్లో 2 కాస్తా 6 అయ్యింది.

"ఇప్పుడు ఒక్కోటీ తీసి చూద్దాం మేడమ్" అంది. నా గుండె గుభేలుమంది. కుదురుకున్నదాన్ని కదపడమెందుకు?

"మూడూ ఎన్నాళ్లని చేయగలరు?" అని అడిగింది. 8.30కి ఆఫీసుకి పరుగెత్తే నా దగ్గర జవాబు లేదు.

దీన్ని కాంపొనెంట్ ఎనాలిసిస్ అంటారట. వేరే పిల్లలతో పోల్చరు. ఒక్క పిల్లాడి రోజుల్నే ఒకదానితో ఒకటి పోలుస్తారు. కలిపి ఇచ్చినవాటిని ఒక్కోటిగా తీయొచ్చు, లేదా ఒక్కోటిగా చేర్చుకుంటూ పోవచ్చు. ఇలాంటి అధ్యయనాలను సమీక్షిస్తూ 2010లో వార్డ్-హార్నర్, స్టర్మీ అనే పరిశోధకులు ఓ వ్యాసమే రాశారు.

ముందు చార్టు తీశాం. రాత్రుళ్లు కూర్చుని నేనే బొమ్మలు కత్తిరించి చేసిన చార్టు! ఐదు రోజులైనా 6 దగ్గరే ఉంది. సంతోషించాలో, ఉసూరుమనాలో తెలియలేదు. దాన్ని మళ్లీ తగిలించి, ముందుగా చెప్పడం మానేశాం. 5, 4, 3.. మూడో రోజు వాడు బాత్రూమ్ గుమ్మంలో పడి ఏడుస్తుంటే ఇవన్నీ ఎందుకనిపించింది. మళ్లీ చెప్పడం మొదలుపెట్టాక 6కొచ్చింది. కాకతాళీయమేమోనని ఇంకోసారి ఆపితే, మళ్లీ పడింది. స్టార్లు తీసినప్పుడు 5 దగ్గర ఆగింది.

"అయితే నా చార్టు దండగేనా?" అన్నాను.

"అలా అనలేం మేడమ్. నేర్చుకునేటప్పుడు అదే సాయపడి ఉండొచ్చు. నేర్చేసుకున్నాక అవసరం తీరిందేమో. ఇంకో పిల్లాడికి ఇంకోలా ఉండొచ్చు" అంది.

స్టార్లు ఉంచుకున్నాం. చార్టు బీరువాలో దాచాను. ఇప్పుడు నేను వంటింట్లో ఉంటే "నాన్నా, ఇంకాసేపట్లో బూట్లు" అని అత్తయ్యే చెప్తున్నారు.

మొన్న నాకు జ్వరమొచ్చింది. గుప్పిట్లో ఉప్పు పట్టుకుని వచ్చిన అత్తయ్య, మంచం పక్కన ఆగి అడిగారు: "ఈసారి ఏది మానేసి చూద్దామే?"