ఒకే విజయదశమి, ఎన్నో గాథలు

విజయదశమినాడు ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల గుండా నడిచేవారికి ఒక్కొక్క మలుపులో ఒక్కొక్క పురాణం ఎదురవుతుంది. ఒక పందిరిలో బెంగాలీ ముత్తైదువలు దుర్గామాతకు సింధూరమద్ది, కన్నీటితో సాగనంపుతూ ఉంటారు. చీకటి పడేసరికి రావణ మైదానంలో పదితలల రావణుడు బాణసంచా మోతల నడుమ కూలిపోతాడు. తెలుగువారి ఇండ్లలో దేవుని పీట ముందు పిల్లల పుస్తకాల సరసన సుత్తి, ఆకురాయి, పానా కూడ పసుపు కుంకుమలు ధరించి కొలువుతీరుతాయి. పండుగ ఒక్కటే. అది ఎట్లు పుట్టినదని అడిగితే మాత్రం గడప గడపకూ సమాధానం మారిపోతుంది.

ఇన్ని గాథలను ఒక్కచోట చేర్చినది రైలుబండి. 19వ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే వారు మేదినీపురం జిల్లాలోని ఈ ఎర్రమట్టి మెరకను కూడలి స్టేషనుకు ఎన్నుకొన్నారు. 1900 నాటికి రూపనారాయణ నదిపై వంతెన పూర్తయి హౌరాకు దారి ఏర్పడినది. అనంతరం పెద్ద వర్క్‌షాపు వెలసినది. పనిచేసే చేతుల కోసం దక్షిణాన తీరం వెంబడి పట్టాలు పరచుకొనే ఉన్నవి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఫిట్టర్లు, కమ్మరులు, కలాసీలు, గుమాస్తాలు బండి ఎక్కి వచ్చినారు. ఒడియా వారు, హిందీ ప్రాంతాల వారు, తమిళులు, పంజాబీలు కూడ వచ్చినారు. అందరూ తమతో పెట్టెబేడలను తెచ్చుకొన్నట్లే పండుగలను, వాటి వెనుక కథలను తెచ్చుకొన్నారు.

బెంగాలీల కథలో దుర్గ మహిషాసురుని సంహరించిన మహాశక్తి మాత్రమే కాదు. పుట్టింటికి వచ్చిన ఆడపడుచు కూడ. హిమవంతుని కూతురు ఉమ, బిడ్డలను వెంటబెట్టుకొని ఏటేటా నాలుగు దినాలు తల్లి మేనకాదేవి వద్ద గడిపి, దశమినాడు కైలాసానికి మరలిపోతుంది. నిమజ్జన వేళ కంట తడి రావడం అందుకే. వారికి మరొక గాథ కూడ కలదు. దేవీపూజకు అసలు ఋతువు వసంతమట. రావణునిపై విజయం కోరి శ్రీరాముడు శరత్తులోనే, వేళకాని వేళ, అమ్మవారిని మేల్కొలిపినాడట. నూట ఎనిమిది నల్లకలువలలో ఒకటి తక్కువ కాగా, తన కన్నునే పెకలించి అర్పించబోయినాడట. 15వ శతాబ్దికి చెందిన కృత్తివాసుని రామాయణం ద్వారా ఈ ఘట్టం బెంగాలు ఇంటింటికీ చేరినది. రావణ మైదానంలో బొమ్మకు నిప్పంటించే రాముడూ, పందిరిలో పూజలందుకొనే అమ్మ ముందు కన్ను అర్పించబోయిన రాముడూ ఒక్కడే.

తెలుగువారు చెప్పుకొనేది జమ్మిచెట్టు కథ. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు తమ ఆయుధాలను జమ్మిచెట్టుపై దాచినారు. ఏడాది గడిచిన పిమ్మట విజయుడు వాటిని దింపుకొని గెలుపొందినాడు. కనుక పనిముట్టును పూజించాలి. వర్క్‌షాపులో పనిచేసేవానికి గాండీవమైనా, పానా అయినా ఒక్కటే. అన్నం పెట్టేది అదే. విచిత్రమేమంటే పాండవులు ఖరగ్‌పూర్‌కు కొత్తవారు కారు. ఇందా ప్రాంతంలోని ఖరగేశ్వరాలయం పేరనే ఊరికి ఈ పేరు వచ్చినదని అంటారు. ఆ చుట్టుపట్లనే హిడింబ వనం ఉండేదనీ, భీముడు ఆమెను చేపట్టినది ఇక్కడనేననీ స్థానికుల నమ్మిక. తెలుగువారు పాండవులను వెంటబెట్టుకొని వచ్చేసరికే, ఊరు తన భీముని తాను చెప్పుకొంటూ ఉన్నది.

ఉత్తరాంధ్ర కుటుంబాలలో ఇంకొక గాథ కలదు. అది పురాణం కాదు, చరిత్ర అంచున నిలిచిన దుఃఖం. 1757 జనవరిలో విజయనగర ప్రభువు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ తోడ్పాటుతో బొబ్బిలి కోటను ముట్టడించినాడు. కోట పడిపోయినది, కాని తాండ్ర పాపారాయుడు ఆయన గుడారంలోనికి చొరబడి పగ తీర్చుకొన్నాడు. రాజు చెల్లెలు పైడిమాంబ కీడును ముందే శంకించినదనీ, అన్న మరణవార్త విని తాళలేక పెద్ద చెరువులో దేవతగా వెలసినదనీ ఐతిహ్యం. విజయదశమినాడు ఆమె విగ్రహాన్ని చెరువు నుండి వెలికి తీసినారని చెబుతారు. నాటినుండి ఆమె పైడితల్లి అమ్మవారు. దసరా దాటిన మంగళవారం పూజారి ఎత్తైన చింతమాను కొసన కూర్చుండి గుడికీ, కోటకూ నడుమ ముమ్మారు ఊరేగుతాడు. అదే సిరిమానోత్సవం. అమ్మవారి వనంగుడి విజయనగరం రైల్వే స్టేషనుకు సమీపంలోనే ఉన్నది. ఖరగ్‌పూర్ బండి ఎక్కేవారికి అది పొలిమేర మొక్కు వంటిది.

ఈ కథ వింటే చీనాదేశపు పండుగ ఒకటి స్ఫురించక మానదు. చాంద్రమానపు ఐదవ మాసం ఐదవ నాడు అక్కడ డ్రాగన్ పడవల పందేలు సాగుతాయి. చూ రాజ్యానికి మంత్రిగా, కవిగా పేరొందిన చూ యువాన్, క్రీ.పూ. 278లో తన రాజధాని శత్రువుల పాలైనదని విని మిలువో నదిలో దుమికినాడట. ప్రజలు పడవలు వేసుకొని వెదకినారు. చేపలు ఆయన దేహాన్ని ముట్టకుండ అన్నపు ముద్దలు నీటిలో విడిచినారు. పడవ పందేలు, ఆకులలో చుట్టి ఉడికించే బంక బియ్యపు పొట్లాలు అందుకు గుర్తులట. అయితే సూచౌ నగరంలో అడిగితే ఆ పండుగ వూ జీషూ అనే మంత్రి కోసమంటారు. షావోషింగ్ ప్రాంతంలో, మునిగిపోయిన తండ్రి కోసం నదిలో దూకిన సావో అ అనే బాలిక కోసమంటారు. ఈ ముగ్గురి కన్న పండుగే పాతదని, అది ప్రాచీనుల డ్రాగన్ పూజ నుండి వచ్చినదని 20వ శతాబ్దపు చీనా పండితుడు వెన్ యీదువో వాదించినాడు. ఎండలు, వ్యాధులు ముదిరే ఆ నెలలో వారు గుమ్మాలకు మాచిపత్రి జాతి ఆకులు కడతారు. ఖరగ్‌పూర్ తెలుగు పేటలలో వేసవి మాతా పూజలప్పుడు స్త్రీలు తలపై ఘటాలు మోస్తారు. పసుపునీరు, వేపాకులు అందులోని సంభారాలే.

దీనిని బట్టి ఒక సంగతి తోస్తుంది. కథ నుండి పండుగ పుట్టదు. పండుగ కోసం కథ వెదకుకొంటూ వస్తుంది. ఋతువు మారే వేళ, రోగభయం కలిగే వేళ, పంట చేతికి అందే వేళ జనం ముందే గుమికూడి ఉంటారు. తాము మరువరాదనుకొన్న మనిషిని అక్కడికి తెచ్చి నిలుపుతారు. బొబ్బిలి యుద్ధం జరిగినది జనవరిలో. పైడితల్లికి జాతర జరిగేది దసరా పిమ్మట. చెల్లెలి శోకానికి ఊరంతా కూడే దినం కావలసి వచ్చినది. కావుననే ఒకే పండుగకు నాలుగు గాథలున్నా అవి ఒకదానినొకటి కాదనవు.

అయితే పండుగకూ, గాథకూ ఆయుర్దాయం సమానం కాదు. 2009లో డ్రాగన్ పడవల పండుగను, 2021లో కలకత్తా దుర్గాపూజను యునెస్కో మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చినది. పందిరి, పడవ, ఘటం కంటికి కనిపించేవి గనుక నిలుస్తాయి. గాథ ఉండేది నాలుక మీద. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వ నిశ్చయించినది. ఆ గౌరవం తరతరాల శ్రమకు తగినదే. కాని బడిలో, బజారులో బెంగాలీ, హిందీ మాట్లాడే మునిమనుమనికి ఇంటిలో తెలుగు వినిపించేది తరచు ఒక్క మామ్మ నోట మాత్రమే. రావణుని కథ వానికి మైదానం చెబుతుంది, ఉమ కథ పందిరి చెబుతుంది. పైడితల్లి కథను చెప్పే పందిరి ఏదీ లేదు.

"మామ్మా, మనం సుత్తికి బొట్టెందుకు పెడతాం?" అని వాడు అడిగిన నాడు, "అదంతేరా నాయనా, పెట్టాలి" అని ఊరకుంటే ఆచారం మిగులుతుంది, కథ ఆగిపోతుంది. పని పక్కనబెట్టి, వానిని చెంత కూర్చుండబెట్టుకొని, జమ్మిచెట్టు నుండి పెద్ద చెరువు దాకా చెప్పుకొని రావడానికి ఒక్క గడియ చాలు. ముత్తాతలు తెచ్చిన పెట్టెబేడలలో చెదపట్టక ఇంకా మిగిలియున్నది ఆ కథే.