ఊరి ముచ్చట్లు – 31: ఏ గుల్లల ఏముందో తెల్వకపోతే

గ్రూపులు అనే మాట కనబడగానే మళ్లీ వర్గీకరణ గురించి రాస్తున్నానని అనుకోకండి. ఇవాళ చెప్పేది ఫోన్‌లో నోట్సు సర్దుకునే ముచ్చట. ఇదీ ఉద్యమం పనేనా అని కొందరు తమ్ముళ్లు నవ్వుతారు. చివరిదాకా చదివి నవ్వండి.

పోయిన వానాకాలం మా కోహీర్ మండలంలో ఒక పెద్దమ్మతో కలిసి ఒక ఆఫీసుకు పోయిన. ఆమెది రెండెకరాల అసైన్డ్ భూమి. ఆమె మామ పేరు మీద ఎప్పుడో ఇచ్చిన లావణి పట్టా ఉండేది. మూడేళ్ల కింద ఆ కాగితానికి నేనే ఫొటో తీసిపెట్టిన. ఆ తర్వాత ఇల్లు కురిసి, రేకుల పెట్టెలో ఉన్న కాగితం తడిసి ముద్దయింది. రికార్డులో ఎకరం తక్కువ కనబడుతోంది. ఆధారం ఏముందని సార్ అడిగాడు.

"బిడ్డ ఫోన్ల ఉంది సారూ" అని పెద్దమ్మ నా దిక్కు చూసింది.

ఫోన్ తీసిన. నోట్స్ యాప్ తెరిస్తే 1,340 నోట్సు. మీటింగు తీర్మానాలు, ఎఫ్ఐఆర్ నంబర్లు, చదివిన పుస్తకాల నుంచి ఎత్తి రాసుకున్న మాటలు, గ్యాస్ బుకింగ్ నంబరు, ఎవరిదో ఆధార్ ఫొటో. సగం నోట్సులకు పేరే లేదు. కిందికి జరుపుతనే ఉన్న. ఇరవై నిమిషాలైంది. సార్ ఇంకో ఫైలు తీసుకున్నాడు. "దొరికినప్పుడు రండి" అన్నాడు. ఆయన మీద కోపం చేసుకోనీకి కూడా నాకు మొహం లేదు.

తిరిగి వస్తుంటే బస్సు దిగినకాడ పెద్దమ్మ జామకాయలు కొనిచ్చింది. ఓడిపోయి వచ్చిన మనిషి, నాకు కొనిచ్చింది. "ఫోన్ల లేదా బిడ్డా?" అని మెల్లగ అడిగింది.

"ఉంది పెద్దమ్మా. యాడుందో తెల్వది."

"గట్లయితే లేనట్టే గదా."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జహీరాబాద్ చుట్టుపక్కల ఊర్లలో పుట్టినోళ్లకు పెద్దమ్మ మాటలో ఉన్న లెక్క తెలుస్తది. మన అమ్మలు విత్తనాలు దాచే తీరు చూడండి. జొన్నలకు ఒక గుల్ల, కందులకు ఒకటి, కొర్రలకు ఒకటి. బూడిద కలిపి, యాపాకు వేసి, పైన పేడతో అలికి పెడతారు. చీకట్లో చెయ్యి పెట్టినా ఏది ఏదో చెప్తారు. పస్తాపూర్ డీడీఎస్ సంఘాల మహిళలు, ఎక్కువమంది మన దళిత ఆడవాళ్లే, ఈ పనితోనే లోకానికి తెలిశారు. 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో వాళ్ల సంఘాలకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. చేనులో పది, పన్నెండు రకాలు కలిపి విత్తుతారు. ఇంట్లో మాత్రం ఏ గుల్ల దానిదే. దాచేటప్పుడు వేరుగా ఉంటేనే విత్తేటప్పుడు కావాల్సినట్టు కలపగలం.

నేను మాత్రం అన్నీ ఒకే గోతాంలో పోసిన.

మన చరిత్రలో కూడా ఈ నొప్పి ఉంది. బాబాసాహెబ్ 1956 డిసెంబర్ 6న పోయారు. ఆయన అచ్చుకాని రాతలు బయటికి రానీకి ఏండ్లు పట్టింది. మహారాష్ట్ర ప్రభుత్వం మొదటి సంపుటం తెచ్చింది 1979లో. వసంత్ మూన్ లాంటి సంపాదకులు పూర్తికాని రాతప్రతులను ఒక క్రమంలో పెట్టాల్సి వచ్చింది. రిడిల్స్ ఉన్న సంపుటం 1987లో గాని రాలేదు. మన హైదరాబాద్ సంగతి చూడండి. భాగ్యరెడ్డి వర్మ కాలం నుంచి జరిగిన పోరాటాల గురించి ఇవాళ మనకింత తెలుసంటే, పి.ఆర్. వెంకటస్వామి పేర్లు, తేదీలు, సభలు కూడబెట్టి 1955లో పుస్తకం వేసినందుకే. ఆయన ఆ పని చేయకపోతే ఎన్ని సభలు జరగనట్టే మిగిలేవో!

ఇక పని ముచ్చట. మొదట నేను చేసిన తప్పు చెప్తా. భూమి, పెన్షన్, కేసులు, రేషన్ అని నోట్‌బుక్కులు చేసిన. చూడనీకి బాగుంది. వారం తర్వాత పెద్దమ్మ వచ్చింది. ఆమె పట్టా ఒక నోట్‌బుక్కులో, పెన్షన్ రసీదు ఇంకోదాంట్లో, ఆమె కొడుకు కేసు మరోదాంట్లో. మూడుచోట్ల వెతికిన. అప్పుడు తెలివొచ్చింది. మనిషిని శాఖలుగా కోసేది ఆఫీసు. ఆమె మన దగ్గరికి వచ్చేది నిండు మనిషిగా. ఆఫీసు బీరువాకు నా ఫోన్‌లో నకలు చేసిన.

దాన్ని తిరగేసిన. ఇప్పుడు ఊరికొక నోట్‌బుక్. దాని లోపల ఇంటికొక గ్రూపు. ఆ ఇంటికి సంబంధించిన పహాణీ, సర్వే నంబర్, అర్జీ, రసీదు, పెద్దమనిషి చెప్పిన మాట, అన్నీ ఆ గ్రూపులోనే. వన్‌నోట్ వాడేవాళ్లకు నోట్‌బుక్, అందులో సెక్షన్, అందులో పేజీ ఉంటాయి. సెక్షన్లు ఎక్కువైతే సెక్షన్ గ్రూపు చేసుకోవచ్చు. జోహో నోట్‌బుక్‌లో నోట్‌కార్డులను గ్రూపుగా పెట్టొచ్చు. యాప్ ఏదైనా సరే, రేపు ఎవరు వచ్చి ఏం అడుగుతారో దాన్నిబట్టి గుల్లలు పెట్టుకోండి. చదువుకునే పిల్లలైతే సబ్జెక్టుకొక నోట్‌బుక్, చాప్టరుకొక గ్రూపు చాలు.

ఇంకో నాలుగు మాటలు.

ఒకటి, పేరు పెట్టకుండా ఏదీ దాచొద్దు. పేరుకు ముందు తేదీ, అదీ ఏడాదితో మొదలుపెట్టి రాయండి: 2025-07-14, లావణి పట్టా, ముందు పేజీ. పేరు వరుసన పెట్టగానే పాతదీ కొత్తదీ వాటంతటవే సర్దుకుంటాయి.

రెండు, "గంప" అని ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ధర్నాలో, బస్సులో, స్టేషన్ ముందర రాసుకున్నది అందులో పడేయండి. ఆదివారం రాత్రి అరగంట కూర్చొని చెరిగి, ఏది యాడికి పోవాల్నో అక్కడికి పంపండి. తాలు తీసేయండి. గంప ఖాళీ కాకుండా సోమవారం రానియ్యొద్దు.

మూడు, ఫోన్‌లో ఫొటో ఉందంటే పట్టా చేతిలో ఉన్నట్టు కాదు. ఫొటోలో ఉన్న నంబరు, తేదీ మనకు దారి చూపిస్తాయి. వాటితో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టొచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగితే మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ముఖ్యమైనవి జిరాక్స్ తీసి ఇంకో ఇంట్లో కూడా పెట్టండి. పోయిన ఫోన్ చెప్పి పోదు.

నాలుగు, మన నోట్సులో మనవాళ్ల ప్రాణాలు ఉంటాయి. అట్రాసిటీ కేసుల నోట్‌బుక్‌కు తాళం వేయండి. లైంగిక దాడి ఎదుర్కొన్న ఆడబిడ్డ పేరు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. ఆ గ్రూపుకు పేరు బదులు ఒక గుర్తు పెట్టండి. మీటింగుల లింకు వాట్సాప్‌లో పంపేటప్పుడు, లోపల ఏ గ్రూపు కనబడుతుందో రెండుసార్లు చూడండి.

పెద్దమ్మ పట్టా నాలుగోనాడు రాత్రి దొరికింది. "స్కాన్ 7" అని పేరు పెట్టిన, దుర్మార్గుణ్ణి. అందులో నంబరు చదువొస్తోంది. దాంతో పాత రికార్డు నకలు కోసం దరఖాస్తు పెట్టినం. ఎకరం ఇంకా రాలేదు. విచారణ మళ్లీ ఉంది. భూమి రికార్డులు 2020లో ధరణిలోకి పోయినయి, 2025లో భూభారతి వచ్చింది. ఇంకోటి వచ్చినా పెద్దమ్మ గ్రూపు మాత్రం ఇక్కడే ఉంటది.

మొన్న ఇంటికొచ్చి "నా గుల్ల చూపియ్యి" అన్నది. ఫోన్ చేతికిచ్చిన. చదువు రాదు. అయినా మామ వేలిముద్ర ఉన్న ఫొటో కాడ ఆగి, దాని మీద వేలు పెట్టింది. తెర పెద్దగైంది. భయపడి చెయ్యి తీసేసింది. "పోయిందా?" అని అడిగింది.

"పోలేదు పెద్దమ్మా. ఈడనే ఉంది."

ఈ ఆదివారం మీ ఫోన్‌లో ఒక్క ఇంటి గుల్ల సర్దండి. ఒక్కటి చాలు. వచ్చే భాగంలో పెద్దోళ్ల మాటలు రికార్డు చేసుకునే తీరు మాట్లాడుకుందాం.

జై భీమ్.