సముద్రం లేని జిల్లా నుంచి.. ఇరవై నెలల పాపతో భీమిలికి

2022లో జిల్లాలు విడిపోయినప్పుడు మా చిల్లకల్లు వాళ్లం సముద్రాన్ని పోగొట్టుకున్నాం. కృష్ణా జిల్లాగా ఉన్నప్పుడు మ్యాపులోనైనా బందరు తీరం మాదే అనిపించేది. ఎన్టీఆర్ జిల్లా అయ్యాక చుట్టూ నేలే. అలాగని అంతకుముందు రోజూ బీచ్‌లో షికార్లు చేశామని కాదు. మాది మెట్ట ప్రాంతం. పత్తి, మిరప, సున్నపురాయి, హైవే మీద టోల్‌గేటు.. అంతే. వేసవిలో ఎండల వార్తలప్పుడు టీవీలో నందిగామ పేరు తిరుగుతుంటుంది చూడండి, ఆ చుట్టుపక్కల వాళ్లం.

మొన్న డిసెంబర్‌లో క్రిస్మస్ సెలవులు, వారాంతం కలిసొచ్చాయి. పాపకి ఇరవై నెలలు. సముద్రం చూపిద్దాం అన్నాను. దగ్గరంటే మంగినపూడే. కానీ అక్కడిది నల్లమట్టి తీరం, ఇసుకలో ఆడించాలంటే కష్టం. ‘ఉత్తరానికి పోదాం, భీమిలి. ఈ నెలలో చల్లగా ఉంటుంది’ అన్నాను. మా ఆవిడ వెంటనే బ్యాగు తీసింది. అమ్మ మాత్రం పళ్లెంలో చెయ్యి కడిగేసుకుంది.

‘‘నీళ్ల దగ్గరికి చంటిపిల్లనెందుకురా?’’

ఆ మాట వెనక ఒక కథ ఉంది. అమ్మ తమ్ముడు, అంటే నేను చూడని మా చిన్న మామయ్య, పదకొండేళ్లప్పుడు వేదాద్రి దగ్గర కృష్ణలో పోయాడు. నరసింహస్వామి దర్శనానికని వెళ్లి స్నానానికి దిగారట. అమ్మకి అప్పుడు పద్నాలుగు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరికీ ఈత రాలేదు. బండి మీద అరగంట పోతే కృష్ణానది ఉన్నా, నాకు నీళ్లంటే బకెట్టూ చెంబే. 2016 పుష్కరాలప్పుడు కూడా అమ్మ నన్ను మెట్ల మీదే కూర్చోబెట్టి నెత్తిన చెంబుతో నీళ్లు పోసింది. కాలేజీ కుర్రాణ్ణి! ఫ్రెండ్స్ తీసిన ఆ ఫొటో ఇప్పటికీ గ్రూపులో తిరుగుతోంది.

చివరికి ‘‘సరే, నేనూ వస్తా’’ అంది. బీచ్ చూడటానికి కాదు, కాపలాకి.

విజయవాడ నుంచి పొద్దున్నే రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖ. 350 కిలోమీటర్ల ప్రయాణంలో పాప రాజమండ్రి దాకా బుద్ధిగా ఉంది. ఆ తర్వాతి సంగతి మా బోగీలో వాళ్లని అడగాలి. విశాఖలో దిగి బీచ్ రోడ్డు పట్టి, సాయంత్రానికి భీమిలి చేరాం. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్లు కోట కట్టుకుని వ్యాపారం చేసిన రేవు. వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. లైట్‌హౌస్ ఉంది. గోస్తని నది అనంతగిరి కొండల్లోంచి వచ్చి ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఇవన్నీ చూద్దామని లిస్టు రాసుకున్నాను. పిల్లతో వెళ్లేవాళ్లకి ఒక మాట.. లిస్టు రాసుకోవద్దు.

పాప అయిదింటికే లేచింది. ఇంట్లో ఇదే పని చేస్తే విసుక్కుంటాం కానీ, తూర్పు తీరంలో అంతకన్నా వరం లేదు. స్వెటర్ వేసి, మంకీ క్యాప్ పెట్టి, ఫ్లాస్కులో రాగిజావ పోసుకుని ఒడ్డుకి వెళ్లాం. గాలి వణికిస్తోంది. మామూలుగా సముద్రం నుంచి మన మీదకి గాలి వీస్తుందనుకుంటాం. తెల్లవారుజామున అది తిరగబడుతుంది. రాత్రంతా నేల తొందరగా చల్లారిపోతుంది, నీళ్లు చల్లారవు. అందుకే కొండల వైపు నుంచి చల్లగాలి సముద్రంలోకి పోతుంది. ఎండెక్కాక మళ్లీ ఇటు వస్తుంది.

పాపని ఇసుకలో దించగానే ఏడుపు. సముద్రాన్ని చూసి అనుకున్నాం. కాదు, ఇసుక! వేళ్ల మధ్య దూరుతోందని రెండు కాళ్లూ పైకి లాక్కుని వాళ్లమ్మ మెడకి చుట్టుకుపోయింది. అంత సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. అమ్మ మొహంలో ఎంత సంతోషమో. ‘‘నే చెప్పలా? పదండి, గదికి పోదాం.’’

అప్పుడే వల దులుపుకుంటున్న ఒకావిడ మా దగ్గరికొచ్చింది. ‘‘మీ గుంట బాగుందమ్మా’’ అంది. అమ్మ ఉలిక్కిపడి కాళ్ల కింద చూసుకుంది. మా వైపు గుంట అంటే గొయ్యి. ఇక్కడ ఆడపిల్లని ముద్దుగా అలా అంటారని తెలిసేసరికి ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆవిడ నెత్తళ్లు రెండు పాప అరచేతిలో పెట్టింది. వెండిలా మెరుస్తున్న ఆ చేపల కోసం పాప ఇసుక సంగతి మర్చిపోయింది. వెళ్తూ ఆవిడ చెయ్యి చాపి ఒకచోటు చూపించింది.

‘‘గుంటని అటేపు దించకండి బాబూ. అక్కడ కెరటం ఇరగట్లేదు సూడండి. అదే లాగేస్తాది.’’

నేను చూసి, అదే నెమ్మదిగా ఉన్న చోటు అనుకున్నాను. అక్కడ నురగ లేదు, చప్పుడు లేదు, చెరువులా ఉంది. సరిగ్గా అదే ప్రమాదం. ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ మళ్లీ లోపలికి పోవడానికి ఒక దారి వెతుక్కుంటాయి. ఆ దారిలో లోతెక్కువ కాబట్టి అలలు విరగవు. ఇంగ్లిషులో రిప్ కరెంట్ అనేది దీన్నే. అందులో చిక్కుకున్నవాళ్లు ఒడ్డు వైపే ఈది అలిసిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే బయటపడొచ్చు. విశాఖ బీచ్‌ల్లో కుర్రాళ్లు గల్లంతైన వార్తలు చదువుతూనే ఉంటాం. అలల ఎత్తు ఎంత ఉంటుందో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ముందే చెబుతుంది, ఫోన్లో చూసుకోవచ్చు. కానీ ఏ రోజు ఏ చోట లాగుతుందో వల దులిపే ఆవిడకి తెలిసినట్టు ఫోనుకి తెలియదు.

ఇంత తెలుసుకుని కూడా తప్పు చేసింది నేనే. ఎనిమిదింటికి ఎండ వచ్చింది. పాప తడి ఇసుక అంచున నిలబడి, అల వచ్చి వెనక్కి పోతుంటే చప్పట్లు కొడుతోంది. లాగని చోటే, పాదాలు మునిగే లోతు కూడా లేదు. మా ఆవిడ పాలసీసా తేవడానికి వెళ్లింది. నేను రెండడుగులు వెనక్కి వేసి ఫోన్ తీశాను. రీల్ కోసం. స్క్రీన్‌లో చూస్తున్నాను కాబట్టి వెనకాల వస్తున్న పెద్ద అల నాకు చిన్నగా కనిపించింది. అది పాప నడుము దాకా వచ్చి, పోతూ పోతూ కాళ్ల కింది ఇసుకని తోడేసింది. పాప కూలబడింది. కూర్చున్నది కూర్చున్నట్టే లోపలికి జారింది. మూరెడు జారిందేమో, అంతకన్నా ఉండదు.

నేను ఫోన్ పారేసి కదిలేలోపు అమ్మ నీళ్లలో ఉంది. గొడుగు కింద కూర్చున్న మనిషి ఎప్పుడు లేచిందో, ఎలా పరిగెత్తిందో! పాప స్వెటర్ పట్టుకుని ఒక్క లాగు లాగి చంకనేసుకుంది. పాప ఏడవలేదు కూడా. ఉప్పునీళ్లు ఉమ్మేసి మళ్లీ దిగుతానని గింజుకుంది.

నన్ను తిడుతుందనుకున్నాను. ఇక చాలు, ఇంటికి పదమంటుందనుకున్నాను. అమ్మ మోకాళ్ల లోతులో అలాగే నిలబడిపోయింది. చీర తడిసిపోయింది. కాసేపటికి ‘‘నీళ్లు వెచ్చగా ఉన్నాయిరా’’ అంది. నిజమే, డిసెంబర్ పొద్దుట గాలి కన్నా ఇక్కడి నీళ్లే వెచ్చగా ఉంటాయి. తర్వాత, నా వైపు చూడకుండా, ‘‘వాడు పోయింది కూడా లోతులో కాదురా. ఇంతే నీళ్లు. కాళ్ల కింద ఇట్టాగే ఇసుక జారింది. నేను ఒడ్డు మీద జడేసుకుంటున్నా’’ అంది.

ముప్ఫై ఏళ్లలో ఆ మాట మాకెవ్వరికీ చెప్పలేదు.

ఆ తర్వాత మిగిలిన మూడు రోజులూ బీచ్‌లో పెత్తనం అమ్మదే. ఫోన్లు బ్యాగులోకి పోయాయి. నీళ్లకి అటువైపు పెద్దవాళ్లు, ఇటువైపు పాప. సముద్రానికి వీపు తిప్పి కూర్చోబెట్టడం లేదు. నది కలిసే చోటికి అసలు పోవడం లేదు. ఇవన్నీ ఆ వల దులిపే ఆవిడని అడిగి తెలుసుకుని మరీ పెట్టిన రూల్స్. ఒకరోజు రుషికొండ వెళ్లాం. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్. లైఫ్‌గార్డులు, స్నానాల గదులు, బట్టలు మార్చుకునే చోటు ఉంటాయి. చంటిపిల్లతో వెళ్లేవాళ్లు అక్కడితో మొదలుపెట్టడమే మంచిది. మేం తిరగేసి చేశాం.

దారిలో తొట్లకొండ ఎక్కాం. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చిన పేరు. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం. మా జగ్గయ్యపేట ధనంబోడు స్తూపానికి దూరపు చుట్టం అనుకోండి. పై నుంచి చూస్తే తీరమంతా గీత గీసినట్టు కనిపిస్తుంది. అక్కడ కూర్చుని అమ్మకి చెప్పాను.. మన ముక్త్యాల, జయంతిపురం చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకి వేసే సున్నపురాయి ఉంది కదా, అది కోట్ల ఏళ్ల కింద సముద్రం అడుగున పేరుకున్నదే, మన ఊరు కూడా ఒకప్పుడు ఇలాగే ఉండేదని. అమ్మ మురీ మిక్చర్ పొట్లంలోంచి పల్లీలు ఏరి నోట్లో వేసుకుంటూ, ‘‘అయితే జిల్లా విడగొట్టకముందు సంగతి’’ అంది.

లైట్‌హౌస్ దగ్గరికి వెళ్లలేదు. డచ్చివాళ్ల సమాధులూ చూడలేదు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర పాప నిద్రపోయింది. కారులోంచే చూశాం.

తిరుగు ప్రయాణంలో విజయవాడ నుంచి బస్సెక్కేసరికి చీకటి పడుతోంది. పాపకి ఈ ట్రిప్‌లో ఒక కొత్త మాట వచ్చింది. వల దులిపే ఆవిడ అనే ‘కెరటం’ దాని నోట్లో ‘కెట్టం’ అయింది. గ్లాసులో నీళ్లు కనపడ్డా కెట్టమే. కీసర దగ్గర బస్సు మున్నేరు వంతెన ఎక్కింది. కింద సన్నగా మెరుస్తున్న నీళ్లు చూసి అమ్మ ఒళ్లోంచి లేచి నిలబడి ‘‘కెట్టం!’’ అని అరిచింది.

‘‘కెరటం కాదే, మున్నేరు’’ అంది అమ్మ, కిటికీ అద్దం కాస్త పక్కకి జరుపుతూ. ‘‘ఎండాకాలం నీళ్లు తగ్గనీ. దిగుదాం.’’