పాస్ ఉంటే టికెట్ ఉన్నట్టేనా?

యూరప్ రైలు పాస్ కొనాలా వద్దా అన్నది ఎన్ని దేశాలు తిరుగుతామన్న దాన్నిబట్టి కాదు, ఏ దేశాల మీదుగా వెళ్తామన్న దాన్నిబట్టి తేల్చుకోవాలి. యూరేల్ పాస్ 33 దేశాల్లో చెల్లుతుంది, నిజమే. మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్, వియన్నా మీదుగా బుడాపెస్ట్ వెళ్లే పగటి రైల్‌జెట్ రైళ్లలో రిజర్వేషన్ తప్పనిసరి కాదు. ఒకటి తప్పితే తర్వాతిది ఎక్కేయొచ్చు. అదే పారిస్ నుంచి బార్సిలోనా వెళ్లే టీజీవీకి, లండన్ వెళ్లే యూరోస్టార్‌కి పాస్ ఉన్నా విడిగా డబ్బు కట్టి సీటు తీసుకోవాల్సిందే. పైగా యూరోస్టార్‌లో పాస్ ఉన్నవాళ్లకిచ్చే సీట్లు పరిమితం.

ఇన్ని లెక్కలేసుకుంటే పాస్ ఇచ్చే స్వేచ్ఛ ఇంకెక్కడిదని అడగొచ్చు. కానీ ముందే ఖాయం చేసుకోవాల్సింది రిజర్వేషన్ తప్పని రైళ్లనే, మిగతా దారంతా మన ఇష్టం. తేదీలన్నీ ముందే తెలిస్తే మాత్రం నెలల ముందు విడిగా కొన్న టికెట్లే చాలాసార్లు చవక. నైట్ ట్రైన్‌తో హోటల్ ఖర్చు మిగులుతుందనేవాళ్లు బెర్తు ఛార్జీనీ కలిపి చూడాలి. అయితే అర్ధరాత్రి దాటాక రైలు మారకపోతే, పాస్‌లోని ప్రయాణ రోజుల్లో బయల్దేరిన రోజు ఒక్కటే ఖర్చవుతుంది. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు కొనాల్సింది యూరేల్ కాదు, యూరప్‌లో ఉండేవాళ్లకిచ్చే ఇంటర్‌రేల్ పాస్. దానికి అక్కడి పౌరసత్వం అక్కర్లేదు, నివాసం చాలు. నివసించే దేశంలో మాత్రం బయటికెళ్లడానికి ఒకసారి, తిరిగి రావడానికి ఒకసారే చెల్లుతుంది. కాబట్టి ముందు దారి గీసుకోండి, రిజర్వేషన్ ఛార్జీలు కలపండి, పాస్ సంగతి ఆ తర్వాత.