రిసెప్షనులో గోలీసోడా

మొన్న మాఘమాసంలో విజయవాడలో మా అమ్మాయి రిసెప్షను. విందులో వైను, షాంపేను ఉండాలని అల్లుడి స్నేహితుల ముచ్చట. కాదనలేక, ఔననలేక నలిగిపోయాను.

దివిసీమలో మాకున్న రెండెకరాల మాగాణిని నాన్నగారు తాగుడుకే ధారపోశారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చిననాడు అమ్మ దేవుడి ముందు దీపం వెలిగించింది. 1997లో దానిని సడలించినప్పుడు ఏమీ అనలేదు. ఆ అమ్మ ముందువరుసలో కూర్చునే విందు ఇది.

చివరకు గోలీసోడాయే ఖాయం చేశాను. 1872లో హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు పేటెంటు పొందిన సీసా అది. లోపలి వాయువే గోలీని పైకి నెట్టి మూతిని బిగిస్తుంది.

ఆ రాత్రి గోలీ కుయ్యిమన్నప్పుడల్లా పిల్లలు కేరింతలు కొట్టారు. అల్లుడి స్నేహితులూ వరుసలో నిలబడ్డారు. అమ్మ మాత్రం నిమ్మకాయ, ఉప్పు వేయించుకుని, రెండోది అడిగి మరీ తాగింది.